గిద్దెడు సెల్లు, పుట్టెడు వేణ్ణీళ్ళు

నీళ్ళు కాచుకొనే హీటరు కడ్డీని గోడలోని కరెంటుకు కాకుండా, టార్చిలైటులో వేసుకొనే సెల్లులకు కలిపితే నీళ్ళు కాగుతాయా? ఈ ప్రశ్నను పిల్లలు పైకే అడుగుతారు. పెద్దలు మనసులో అనుకొని, అడిగితే నలుగురూ నవ్వుతారేమోనని ఊరుకుంటారు. తరగతిలో ఎవరైనా అడిగితే మొదట తోటివారి నవ్వు వినిపిస్తుంది, ఆ తరువాత "కాగవు, కూర్చో" అన్న మాట వినిపిస్తుంది. ఈ ప్రశ్నలో నవ్వవలసినదేమీ లేదనీ, దానికి మనం చెబుతూ వస్తున్న సమాధానమే అసమగ్రమనీ నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. కొంచెం లెక్క తప్పదు. ఎక్కాలు వచ్చినవారందరికీ అందే లెక్కే కనుక, సాహిత్యాభిమానులు భయపడనక్కరలేదు.

ముందుగా, ఈ ప్రశ్న ఎక్కడినుంచి పుడుతుందో చూడాలి. చలికాలం వచ్చిందంటే హీటరు కడ్డీ ముట్టుకొని మరణించినవారి వార్తలు పత్రికలలో ఒక మూల కనబడుతూనే ఉంటాయి. బకెట్టులో కడ్డీ వేసి, స్విచ్చి వేసి, నీళ్ళు కాగాయో లేదోనని వేలు ముంచి చూసినవారు కొందరు. తడిచేతులతో ప్లగ్గు తీయబోయినవారు మరికొందరు. ఆ కడ్డీ సామాన్య గృహాలలో అతి చౌకగా దొరికే సౌకర్యం. గీజరు కొనలేనివారికీ, అద్దెగదుల విద్యార్థులకూ అదే దిక్కు. ఇంకొక వంక, టార్చిలైటు సెల్లు రెండు కొనలనూ వేళ్ళతో పట్టుకున్నా ఏమీ కాదని చిన్నపిల్లవానికి కూడా తెలుసు. ప్రాణం తీయని ఈ చిన్న వస్తువుతోనే నీళ్ళు కాచుకోగలిగితే ఎంత బాగుండును అన్న ఆలోచన బుద్ధిహీనుల ఆలోచన కాదు. అది భయం తెలిసినవారి ఆలోచన. దానికి నవ్వు సమాధానం కాజాలదు.

ఇక "కాగవు" అనే సమాధానం సంగతి. శాస్త్రదృష్టితో చూస్తే అది సరియైన మాట కూడా కాదు. సెల్లులో విద్యుత్తు ఉంది. కడ్డీలో నిరోధం ఉంది. రెండింటినీ కలిపితే ప్రవాహం సాగుతుంది, ప్రవాహం సాగితే వేడి పుడుతుంది. ఒకే ఒక్క సెల్లు కలిపినా నీళ్ళు వేడెక్కడం మొదలవుతాయి. అడగవలసినది "వేడెక్కుతాయా" అని కాదు, "ఎంత" అని. మన చదువులో తరచుగా జారిపోయే మాట ఈ "ఎంత".

సరే, లెక్క చూద్దాం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి దాదాపు 4,200 జౌళ్ళ శక్తి కావాలి. స్నానానికి 15 లీటర్ల బకెట్టు నీళ్ళు పెట్టుకున్నామనుకుందాం. 25 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవాలంటే 15 లీటర్లు, 15 డిగ్రీలు, 4,200. మూడింటినీ గుణిస్తే 9,45,000 జౌళ్ళు. కరెంటు బిల్లు భాషలో ఇది పావు యూనిటుకు కాస్త ఎక్కువ. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు.

ఇప్పుడు సెల్లువైపు చూద్దాం. గోడగడియారానికీ, టీవీ రిమోటుకూ వేసే 'ఏఏ' పరిమాణపు ఆల్కలైన్ సెల్లు బరువు 23 గ్రాములు. మెల్లమెల్లగా వాడుకుంటే అందులోనుంచి దాదాపు 3 వాట్-గంటల శక్తి, అంటే సుమారు 10,000 జౌళ్ళు వస్తాయి. తొందరపెడితే అంత ఇవ్వదు. దానిమాట తరువాత. మన బకెట్టుకు కావలసిన 9,45,000 జౌళ్ళను ఈ పదివేలతో భాగిస్తే 95 సెల్లులు తేలతాయి. కుండలో ఒక లీటరు నీళ్ళు మరిగించాలంటే 32 సెల్లులు. ఒక్క కప్పు తేనీటికైనా ఐదు సెల్లులు హారతి కర్పూరం కావలసిందే. నా లెక్కలో ఎక్కడా నష్టం చూపలేదు. గాలికి పోయే వేడి, బకెట్టు తాగే వేడి, సెల్లు తనలో తాను పోగొట్టుకొనే వేడి, ఇవన్నీ కలిపితే సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క విన్నవారు వెంటనే "అబ్బే, సెల్లులో ఏమీ లేదన్నమాట" అంటారు. అది కూడా తప్పే. ఆ పదివేల జౌళ్ళనే మరొక పనికి పెట్టి చూడండి. వంద కిలోల ధాన్యపు బస్తాను పది మీటర్ల ఎత్తుకు, అంటే మూడంతస్తుల మేడమీదికి ఎత్తడానికి కావలసిన శక్తి 9,800 జౌళ్ళు. అరచేతిలో ఇమిడే ఆ సెల్లులో, నష్టాలు లేకుండా వాడుకోగలిగితే, ఒక బస్తాను మేడ ఎక్కించేటంత శక్తి ఉంది! అదే శక్తితో ఒక గ్లాసు నీళ్ళను, రెండువందల మిల్లీలీటర్లను, పన్నెండు డిగ్రీలు మాత్రమే వేడెక్కించగలం. బస్తా మోసే కూలీకి చెమటలు పట్టే పనీ, గ్లాసెడు నీళ్ళు గోరువెచ్చనయ్యే పనీ ఒకటేనంటే నమ్మబుద్ధి కాదు. ఇంద్రియాలు మనలను మోసగించేది ఇక్కడే. బరువు ఎత్తడం మన కండరాలకు తెలుసు. నీటిని వేడెక్కించడం పొయ్యికి తెలుసు, మనకు తెలియదు. పొయ్యి ఎన్నడూ తన కష్టం మనతో చెప్పుకోలేదు.

నిజానికి సెల్లు అల్పమైనది కాదు, నీరు అసాధారణమైనది. సామాన్య ద్రవ్యాలలో నీటివలె వేడిని మింగేవి బహు తక్కువ. ఆ గుణం వల్లనే సముద్రపుటొడ్డున ఉన్న విశాఖపట్నం ఎండకాలంలో రామగుండంలా మండిపోదు. సముద్రాన్నంతటినీ నెమ్మదిపరచే ఆ గుణమే బకెట్టులోనూ ఉంది. చలికాలపు ఉదయం మనం కడ్డీ ముంచి పోరాడుతున్నది ఆ గుణంతోనే.

శక్తిని కొలిచే ఈ మానానికి పేరిచ్చిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ కూడా ఇటువంటి ప్రశ్నతోనే మొదలుపెట్టాడన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లండులో మాంచెస్టరు పక్కనున్న సాల్ఫర్డులో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టినవాడు. యౌవనంలో ఆయనకు విద్యుత్ మోటార్లమీద గొప్ప ఆశ ఉండేది. బొగ్గుతో నడిచే ఆవిరియంత్రానికి బదులు బ్యాటరీతో నడిచే యంత్రం పెడితే లాభమేమోనని పరిశోధన ఆరంభించాడు. ఆశపడి ఊరుకోలేదు, కొలిచాడు. బ్యాటరీలో ఖర్చయ్యే ఒక పౌను జింకు చేసే పని, మంచి ఆవిరియంత్రంలో ఒక పౌను బొగ్గు చేసే పనిలో ఇంచుమించు ఐదోవంతు మాత్రమేనని 1840వ దశకం తొలినాళ్ళలోనే తేల్చుకొని ఆ ఆశ వదులుకున్నాడు. ఆ కొలతల దారిలోనే తీగలో పుట్టే వేడి విద్యుత్ప్రవాహపు వర్గానికీ, నిరోధానికీ అనుపాతంలో ఉంటుందన్న సూత్రం ఆయనకు దొరికింది. మన హీటరు కడ్డీ పనిచేసేది ఆ సూత్రం మీదనే. ఈనాటి ఆల్కలైన్ సెల్లులో ఇంధనం కూడా జింకే కావడం గమనింపదగినది.

జౌల్ 1889లో మరణించాడు. ఆయన సమాధిరాతిమీద 772.55 అనే సంఖ్య చెక్కి ఉంది. ఒక పౌను నీటిని ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వేడెక్కించే శక్తితో అదే పౌను బరువును ఎన్ని అడుగుల ఎత్తుకు లేపవచ్చునో చెప్పే సంఖ్య అది. మన మానాలలో చెప్పుకుంటే, లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడమూ, ఆ లీటరును దాదాపు 427 మీటర్ల ఎత్తుకు మోయడమూ సమానం. బస్తాకూ గ్లాసుకూ పైన మనం కుదిర్చిన లెక్క ఆ రాతిమీద ఉన్నదే. ఒక మనిషి జీవితాన్నంతా ఒక సంఖ్యగా రాతిమీద చెక్కి గౌరవించడం నాకు ఏ కావ్యగౌరవానికీ తీసిపోనిదిగా కనబడుతుంది.

సెల్లులు 95 ఉంటే చాలునా? ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. సాధారణంగా బజారులో దొరికే 1,500 వాట్ల కడ్డీని 230 వోల్టులకు తయారుచేస్తారు. దాని నిరోధం సుమారు 35 ఓములు. దానికి 1.5 వోల్టుల సెల్లు ఒక్కటే కలిపితే పుట్టే వేడి 0.064 వాట్లు. సెల్లు రెండురోజులలోపల తన సర్వస్వం ధారపోసినా, బకెట్టు నీళ్ళు వేడెక్కేది డిగ్రీలో ఆరోవంతు కంటె తక్కువ. స్మోక్ అలారాలలో వాడే 9 వోల్టుల పెట్టెబ్యాటరీ కలిపితే 2.3 వాట్లు వస్తాయి. రెండు గంటలలోపల అది కాస్తా అయిపోతుంది. ఈలోపు బకెట్టు గాలిలోకి వదిలే వేడి అంతకు తక్కువేమీ కాదు కనుక, ఉష్ణమాపకం పెట్టి చూసినా మార్పు కనిపించడం కష్టం.

మరి 230 వోల్టులు వచ్చేలా సెల్లులన్నీ వరుసగా కలిపితే? 154 సెల్లులు కావాలి. కాగితంమీద చూస్తే 154 సెల్లులలో 15,40,000 జౌళ్ళు ఉన్నాయి. మనకు కావలసింది 9,45,000 మాత్రమే. ధనం పుష్కలంగా ఉంది. కాని ప్రతి సెల్లులోపలా దానిదైన నిరోధం ఉంటుంది. కొత్త సెల్లుకు అది 0.2 ఓముల చిల్లర. నూటయాభైనాలుగింటికీ కలిపితే దాదాపు 31 ఓములు. కడ్డీ నిరోధం 35, సెల్లుల నిరోధం 31! అంటే పుట్టే వేడిలో సగం కంటె కాస్త ఎక్కువ నీటికి, సగం కంటె కాస్త తక్కువ సెల్లులకే. ప్రవాహం మూడున్నర ఆంపియర్లు. కడ్డీకి 430 వాట్లు దక్కుతాయి, సెల్లుల దండ 380 వాట్లతో తనను తాను కాచుకుంటుంది. అంత ప్రవాహాన్ని చిన్న సెల్లు కొన్ని నిమిషాలకు మించి ఇవ్వలేదు. అంతలోనే వోల్టేజి కూలబడుతుంది. లెక్కకు సరిపోయిన శక్తి పనికి సరిపోదు. బకెట్టు గోరువెచ్చన కూడా కాకముందే సెల్లులు ముట్టుకోలేనంత వేడెక్కుతాయి.

ఇంకొక మాట. ఏ భద్రత కోసం సెల్లులను ఆశ్రయించామో అది ఈ ఏర్పాటులో పూర్తిగా నశించింది. ఒక సెల్లు నిరపాయకరం. దండగా కట్టిన 154 సెల్లుల రెండు కొనల మధ్య 230 వోల్టులు ఉంటాయి. గోడలోని కరెంటు ఎంత ప్రమాదకరమో అదీ అంతే. పైగా దానికి ఫ్యూజూ ఉండదు, మీటరుపక్కన స్విచ్చీ ఉండదు. ఈ వ్యాసం చదివి ఎవరూ, ముఖ్యంగా పిల్లలు, అటువంటి దండ కట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. సెల్లు ప్రాణం తీయకపోవడానికి కారణం అది సెల్లు కావడం కాదు, దాని వోల్టేజి స్వల్పం కావడం. స్వల్పమైన వోల్టేజితో ఎక్కువ వేడి కావాలంటే ప్రవాహం బ్రహ్మాండంగా ఉండాలి. 12 వోల్టులతో 1,500 వాట్లు రావాలంటే 125 ఆంపియర్లు కావాలి. దానికి బొటనవేలంత లావు తీగలు కావాలి. ప్రకృతి ఒక చేతితో ఇచ్చిన భద్రతను రెండవచేతితో లాగుకొంటుంది.

ఇప్పుడు భాష సంగతికి వస్తాను. ఈ గందరగోళంలో సగానికి కారణం మన మాటలే అని నా అనుమానం. పాఠ్యపుస్తకాలలో ఎనర్జీని శక్తి అనీ, పవర్‌ను సామర్థ్యం అనీ చక్కగానే విడదీశారు. కాని బడి గడప దాటగానే ఈ భేదం మాసిపోతుంది. 'ఇన్ని మెగావాట్ల విద్యుత్తు' అనీ, 'ఇన్ని మిలియన్ యూనిట్ల విద్యుత్తు' అనీ పత్రికలు పక్కపక్కనే రాస్తాయి. ఒకటి వేగం, మరొకటి మొత్తం అని చదివేవానికి తోచదు. సెల్‌ఫోను ప్రకటనలో '5000 ఎంఏహెచ్ సామర్థ్యం గల బ్యాటరీ' అంటారు. అక్కడ సామర్థ్యం అంటే పవర్ కాదు, పట్టుదల. అంటే ఎంత పడుతుంది అన్నది. ఇక వాడుకలో అన్నిటికీ కలిపి ఒకటే మాట, కరెంటు. కరెంటు పోయింది, కరెంటు కొట్టింది, కరెంటు బిల్లు వచ్చింది. మొదటిది సరఫరా, రెండవది ప్రవాహం, మూడవది శక్తి. పల్లెలలో 'బ్యాటరీ' అంటే టార్చిలైటే. లోపల వేసేది సెల్లు. ఇప్పుడు సెల్లంటే ఫోను. వాడుకమాటలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అవి తమ పని తాము చేసుకుంటున్నాయి. రాతలో మాత్రం మనం ఈ భేదాన్ని నిలబెట్టుకోవాలి.

నిలబెట్టుకోవడం కష్టమూ కాదు. కడవలో ఎన్ని నీళ్ళున్నాయన్నది శక్తి. మూతిలోనుంచి ధార ఎంత జోరుగా పడుతున్నదన్నది సామర్థ్యం. సన్నని మూతి గల పెద్దకడవ ఉండవచ్చు, వెడల్పాటి మూతి గల చిన్నచెంబు ఉండవచ్చు. 154 సెల్లుల దండ మొదటి రకం. దాహం వేసినప్పుడు సన్నని మూతి చాలు, ఇల్లు అంటుకున్నప్పుడు చాలదు. నీళ్ళు కాచడం ఇల్లు అంటుకోవడం వంటి పని.

పరిమాణాలను గుర్తుపెట్టుకోవడం తెలుగువారికి కొత్తవిద్య కాదు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి అంటూ కొలతల నిచ్చెన మన ఇళ్ళలో ఉండేది. చదువురాని రైతు కూడా గిద్దెడు గింజలతో పుట్టెడు గాదె నింపుతానని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు. సూత్రం చదివి కాదు, రెండు కొలతలనూ చేతులారా ఎరిగినవాడు కనుక. శక్తి విషయంలో మనకు అటువంటి నిచ్చెన లేదు. జౌల్, వాట్, కిలోవాట్-గంట అనేవి పరీక్షలో రాసే పేర్లుగానే మిగిలాయి. గోడగడియారాన్ని ఏడాదిపాటు నడిపే సెల్లు గిద్ద. బకెట్టు వేణ్ణీళ్ళు దానికి దాదాపు వందరెట్లు. ఒక కిలో ఎండుకట్టెలో కోటిన్నర జౌళ్ళు, అంటే పదిహేనువందల సెల్లుల సరుకు. ఇంటికి వచ్చే 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరులో 65 కోట్ల జౌళ్ళు, అంటే 65 వేల సెల్లులు! అది పుట్టి. ఈ నాలుగు సంఖ్యలు చేతికి వస్తే చాలు, మిగిలిన వాటిని మనిషి తానే పోల్చుకోగలడు.

పెరటిలో రాగి కాగు కింద రెండు చితుకులు, నాలుగు పిడకలు వేసి ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచిన అమ్మమ్మలు తమ పొయ్యిలోని వేడిలో చాలాభాగం గాలిపాలు చేస్తూ కూడా పని జరుపుకోగలిగారంటే కారణం ఇదే. కట్టె ధనవంతురాలు. సెల్లు పేదది కాదు గాని, చిల్లర నాణెం. ఒకనాటి నెల్లూరు జిల్లాలోని తడలో తయారైన నిప్పో సెల్లుల పేరులో నిప్పు వినబడుతుంది గాని, అవి టార్చిలైటుకూ రేడియోకూ వెలుగునూ పాటనూ ఇచ్చినవే తప్ప పొయ్యికి పోటీ వచ్చినవి కావు. ఎవరి పని వారిది.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవని తోస్తున్నది. మొదటిది: "ఇవన్నీ పాత సెల్లుల మాటలు, లిథియం వచ్చింది కదా." వచ్చింది. సంతోషమే. లిథియం సెల్లు బరువుకు బరువు ఆల్కలైన్ సెల్లుకంటె సుమారు రెట్టింపు శక్తిని పట్టుకుంటుంది. దాని అసలు గొప్పతనం మరొకటి ఉంది. దాని మూతి వెడల్పు, ధార జోరు, పైగా మళ్ళీ మళ్ళీ నింపుకోవచ్చు. ప్రయాణంలో పసిబిడ్డకు పావులీటరు పాలు 25 డిగ్రీలనుంచి 37 డిగ్రీలకు తేవాలంటే పన్నెండున్నర వేల జౌళ్ళు చాలు. చిన్న లిథియం బ్యాటరీ దానిని హాయిగా చేస్తుంది. అటువంటి సీసాలు అమ్ముతున్నారు కూడా. ఇంట్లో ఇన్వర్టరుకు పెట్టే 12 వోల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో, లెక్కకు, ఏడు బకెట్ల వేణ్ణీళ్ళకు దగ్గరగా శక్తి ఉంది. అయినా దానికి గీజరు కలపవద్దని ఎలక్ట్రీషియన్ చెబుతాడు. ఎందుకంటే ఎనిమిదివందల వాట్లకు చేసిన ఇన్వర్టరు మూతిలోనుంచి పదిహేనువందల వాట్ల ధార రాదు. శక్తికీ సామర్థ్యానికీ భేదం ఇంటి మెట్లకింద ఉన్న ఆ పెట్టెలోనే మనకు పాఠం చెబుతున్నది. లిథియం ఎంత పెరిగినా నీటి గుణం మారదు. బకెట్టు అడిగే 9,45,000 ఎప్పటికీ 9,45,000 గానే ఉంటుంది.

ఇందులోనే ధర సంగతి కూడా ఉంది. సెల్లు ఇరవై రూపాయలనుకుంటే, 360 సెల్లులకు ఒక యూనిట్ చొప్పున, యూనిట్ కరెంటు 7,200 రూపాయలు పడుతుంది. గోడలోనుంచి అదే యూనిట్ కొద్ది రూపాయలకు వస్తుంది. సెల్లు కొన్నప్పుడు మనం శక్తికి ధర చెల్లించడం లేదు, దానిని జేబులో వేసుకొని పోగలిగే సౌలభ్యానికి చెల్లిస్తున్నాం. గడియారానికి ఆ సౌలభ్యం విలువైనది, బకెట్టుకు కాదు. ఒక్క స్నానానికి 95 సెల్లులు చెత్తకుప్పమీద పడటం మరొక పాపం. వాడిన సెల్లులను తయారీదారులే తిరిగి సేకరించాలని మన దేశంలో 2022లో నిబంధనలు వచ్చాయి. అంతకు ముందున్న 2001 నాటి నిబంధనలు సీసపు బ్యాటరీలకే పరిమితం. నిబంధన వచ్చినంతమాత్రాన మన చెత్తబుట్ట మారలేదని మీకూ తెలుసు.

రెండవ ఆక్షేపణ: "సాహిత్యం రాసుకొనే చోట ఈ బకెట్లూ సెల్లులూ ఎందుకు? శాస్త్రం కావలసినవారు ఇంగ్లిషులో చదువుకుంటారు." ఇంగ్లిషులో చదువుకొన్నవారు తమ ప్రశ్నను ఇంగ్లిషులో అడుగుతారు. చలికాలంలో బకెట్టులో వేలు ముంచేవారు తెలుగులో ఆలోచిస్తారు. ఒక భాషలో కవిత్వం ఎంత ఉన్నా, ఆ భాషలో 'ఎంత' అన్న ప్రశ్నకు నిలకడైన సమాధానం చెప్పుకోలేకపోతే, ఆ భాష మాట్లాడేవారిని మాయమాటలతో లొంగదీయడం సులభమవుతుంది. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై అనే వ్యక్తి నీటిలో మూలికలు వేసి పెట్రోలు చేస్తానని ప్రకటించినప్పుడు దేశమంతా, చదువుకొన్నవారితో సహా, కొన్నాళ్ళు ఊగిపోయింది. శాస్త్రవేత్తల ముందు ఆ విద్య నిలబడలేదు. 2016లో చెన్నై న్యాయస్థానం ఆయనకు శిక్ష విధించింది. గుప్పెడు ఆకులలో ఎంత శక్తి ఉండగలదు, సీసా పెట్రోలులో ఎంత ఉంటుంది అని ఒక్క గుణకారం చేసుకొని ఉంటే ఇరవై ఏళ్ళు ఆగనక్కరలేకపోయేది. చిన్న బ్యాటరీతో ఇల్లంతా వెలిగించే 'ఉచిత విద్యుత్తు' వీడియోలు ఈనాడు కూడా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి మందు హేళన కాదు, గుణకారం.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటి. మన పాఠ్యపుస్తకాలలో ఉష్ణం ఒక పాఠం, విద్యుత్తు మరొక పాఠం. విశిష్టోష్ణం లెక్కలో నీరు ఉంటుంది గాని కరెంటు ఉండదు. నిరోధాల లెక్కలో కరెంటు ఉంటుంది గాని నీరు ఉండదు. రెండు పాఠాలూ కలిసేది పిల్లవాని ఇంటి బకెట్టులోనే. అక్కడ వాటిని కలిపే ప్రశ్నను పిల్లవాడు తనంతట తానే అడిగినప్పుడు "కూర్చో" అనడం, పండిన చేనును కోయకుండా వదలడమే. "బోర్డు దగ్గరకు రా, ఎన్ని సెల్లులు కావాలో లెక్కవేద్దాం" అంటే ఒక గంటలో రెండు పాఠాలూ, ఒక చరిత్రా, ఒక జాగ్రత్తా వచ్చేస్తాయి.

ఆ జాగ్రత్త కూడా చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. ప్రశ్నకు మూలం భయమే కనుక, భయానికి సమాధానం సెల్లులలో లేదని తేలిన తరువాత ఎక్కడ ఉన్నదో చెప్పాలి. మూడుకాళ్ళ ప్లగ్గు, ఇంటికి నిజంగా పనిచేసే ఎర్తు, 30 మిల్లీఆంపియర్ల లీకుకే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ. ప్రాణం కాపాడేవి ఇవి. కడ్డీ నీటిలో ఉండగా ముందు స్విచ్చి ఆపి, పొడిచేతితో ప్లగ్గు తీసి, ఆ తరువాతనే నీటిని ముట్టుకోవాలి. వేలితో పరీక్ష వద్దు. అద్దెగదులు కట్టి ఇచ్చేవారు గోడలకు రంగు వేయించే ఖర్చులో కొంత ఎర్తుకు పెడితే, పత్రికల మూలలలో ఆ వార్తలు కొన్నైనా తగ్గుతాయి.

ఇక కరెంటే లేని వేళ వేణ్ణీళ్ళు కావాలంటే ఆకాశంలో ఒక పొయ్యి వెలుగుతూనే ఉంది. మంచి ఎండలో చదరపు మీటరుమీద సెకనుకు వెయ్యి జౌళ్ళు కురుస్తాయి. అందులో సగం పట్టుకున్నా మన బకెట్టు అరగంటలో సిద్ధం. 2002లో తిరుమలలో సూర్యరశ్మితో ఆవిరి పుట్టించి వేలమందికి వంట చేసే ఏర్పాటు నెలకొల్పారు. అనంతపురంలోనో, మహబూబ్‌నగర్‌లోనో మేడమీద నల్లరంగు పీపాలో నీళ్ళు నింపి ఉంచితే సాయంత్రానికి వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు పెట్టుకోవలసి రావచ్చు.

సెల్లుతో నీళ్ళు కాగుతాయా అని ఈసారి ఎవరైనా అడిగితే నవ్వకండి. ఎన్ని నీళ్ళు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెల్లులు అని తిరిగి అడగండి. మూడు సంఖ్యలు చెప్పేసరికి సమాధానం వారికే తెలిసిపోతుంది.